540 మెగావాట్ల ప్యానెళ్లు పెట్టి 150 మెగావాట్లే అమ్మడం ఎందుకు? కెన్‌హార్ట్ సోలార్ ప్లాంటు కేస్ స్టడీ

దక్షిణాఫ్రికాలో నార్తర్న్ కేప్ అనే ప్రావిన్స్ ఉంది. విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్దది, జనం మాత్రం చాలా తక్కువ. అక్కడి అపింగ్టన్ పట్టణం నుంచి దక్షిణంగా గంటకు పైగా కారులో వెళ్తే కెన్‌హార్ట్ అనే చిన్న ఊరు వస్తుంది. ఏడాదికి 200 మిల్లీమీటర్ల వాన కూడా పడని చోటు. ఈ ఊరి దగ్గర నార్వే కంపెనీ స్కాటెక్ కట్టిన సోలార్ ప్లాంటు 2023 డిసెంబర్‌లో వాణిజ్యపరంగా కరెంటు అమ్మడం మొదలుపెట్టింది. దాని గురించి చెప్పే మూడు అంకెలు ఇవి: ప్యానెళ్లు 540 మెగావాట్లు, బ్యాటరీ 225 మెగావాట్లు (ఒక్కసారిగా ఇచ్చే, తీసుకునే వేగం) / 1,140 మెగావాట్ అవర్లు (మొత్తం నిల్వ), అమ్మేది 150 మెగావాట్లు.

సోలార్, బ్యాటరీ కలిసిన ప్లాంట్లలో ప్యానెల్ ఎంత ఉండాలి, బ్యాటరీ ఎంత ఉండాలి అని లెక్కలు వేయడమే నా పని. ఈ రంగంలోకి కొత్తగా వచ్చినవాళ్లకు ఈ మూడు అంకెలు చూపిస్తే మొదట అడిగే ప్రశ్న ఒకటే: 150 అమ్మడానికి 540 ఎందుకు, ఇది దుబారా కాదా? కాదు. టెండర్‌లోని ఒక్క షరతు నుంచి ఆ మూడు అంకెలనూ దాదాపుగా రాబట్టవచ్చు. ఈ రాతలో చేయబోయేది అదే. ప్లాంటు వివరాలు బహిరంగంగా ఉన్నవి, లెక్కలు నావి. లెక్కలో గుండ్రంగా చేసిన అంకెలు ఉంటాయి, అవి ఎక్కడ వస్తే అక్కడ చెబుతాను.

ఆ షరతు ఏమిటంటే, ఉదయం 5 గంటల నుంచి రాత్రి 9:30 వరకు ఎప్పుడు అడిగితే అప్పుడు కరెంటు ఇవ్వాలి.

షరతు ఎక్కడి నుంచి వచ్చింది

దక్షిణాఫ్రికాలో కరెంటు అంటే ఎస్కామ్. ప్రభుత్వ సంస్థ. ఉత్పత్తిలో ఎక్కువ భాగం బొగ్గు నుంచి, అదీ పాతబడిన ప్లాంట్ల నుంచి. మెడుపి, కుసిలే అనే రెండు భారీ బొగ్గు ప్లాంట్ల నిర్మాణం 2007, 2008 ప్రాంతంలో మొదలై ఏళ్ల తరబడి సాగింది. వాటి ఆలస్యం ఒకవైపు, పాత యూనిట్లు తరచూ ఆగిపోవడం మరోవైపు. దాంతో దేశానికి లోడ్ షెడ్డింగ్ అలవాటైపోయింది. అక్కడ దాన్ని స్టేజీల్లో లెక్కిస్తారు, ఒక్కో స్టేజీకి సుమారు 1,000 మెగావాట్ల కోత. స్టేజ్ 6 అంటే 6,000 మెగావాట్లు. ఏ పేటకు ఎప్పుడు పోతుందో షెడ్యూలు ఫోన్‌లో చూసుకుని వంట, చదువు, వ్యాపారం సర్దుకోవడం జనానికి మామూలైపోయింది. మన దగ్గర కరెంట్ కోతల కాలం చూసినవాళ్లకు ఆ టెన్షన్ వేరే చెప్పక్కర్లేదు.

2020 ఆగస్టులో అక్కడి ఇంధన శాఖ అత్యవసరంగా 2,000 మెగావాట్లు కొనడానికి ఒక ప్రత్యేక టెండర్ పిలిచింది. పేరు రిస్క్ మిటిగేషన్ ప్రొక్యూర్‌మెంట్. ఇందులో టెక్నాలజీ ఏదో చెప్పలేదు. గ్యాస్ కావచ్చు, డీజిల్ కావచ్చు, సోలార్ కావచ్చు, గాలి కావచ్చు, కలిపీ తేవచ్చు. కావాల్సింది మాత్రం స్పష్టంగా రాశారు: ఉదయం 5 నుంచి రాత్రి 9:30 వరకు, గ్రిడ్ కంట్రోల్ రూమ్ ఎంత అడిగితే అంత ఇవ్వగలగాలి.

ఆ గంటలు ఊరికే పెట్టినవి కావు. దక్షిణాఫ్రికా ఇళ్లలో నీళ్లు కాచుకునేది ఎక్కువగా కరెంటుతోనే. గీజర్ అక్కడ ప్రతి మధ్యతరగతి ఇంట్లో ఉండే పెద్ద ట్యాంకు. తెల్లవారితే స్నానాలు, సాయంత్రమైతే వంట, మళ్లీ స్నానాలు. చలికాలంలో, అంటే జూన్ నుంచి ఆగస్టు వరకు, దానికి గది వేడి చేసుకోవడం కూడా తోడవుతుంది. అందుకే వాళ్ల గ్రిడ్ మీద భారం పొద్దున ఒకసారి, చీకటి పడ్డాక ఇంకోసారి పైకి లేస్తుంది. ఆ రెండు సమయాల్లోనూ ఎస్కామ్ డీజిల్ టర్బైన్లను తిప్పేది. అవి గ్రిడ్‌కు చివరి ఆసరాగా కట్టినవి. కానీ సంక్షోభంలో రోజువారీ పనికి వాడారు. 2022-23 ఆర్థిక సంవత్సరంలో డీజిల్ ఖర్చు 20 బిలియన్ ర్యాండ్లు దాటింది (ర్యాండ్ అక్కడి కరెన్సీ, ఒక ర్యాండ్‌కు 100 సెంట్లు).

మామూలు సోలార్ ప్లాంటు ఈ సమస్యకు పనికిరాదు. మధ్యాహ్నం 12కి అది ఇచ్చే కరెంటు మంచిదే, బొగ్గు ఆదా అవుతుంది, కానీ గీజర్ల వేళకు అది ఉండదు. ఈ విషయంలో ఆంధ్రప్రదేశ్‌కు ఒక వెసులుబాటు ఉంది. వ్యవసాయ మోటార్లకు 9 గంటల కరెంటును పగటిపూటకే మార్చడం వల్ల ఆ లోడ్ తిన్నగా ఎండ గంటల్లోకి వచ్చింది. బోరు నుంచి నీళ్లు పగలు తోడినా రాత్రి తోడినా పైరుకు తేడా లేదు. గీజర్‌తో, పొయ్యితో ఆ మాట కుదరదు. లోడ్‌ను జరపలేనప్పుడు కరెంటునే జరపాలి. బ్యాటరీ అవసరం అక్కడ పుడుతుంది.

2021 మార్చిలో మొదటి విడత విజేతలను ప్రకటించారు. వాటిలో స్కాటెక్ మూడు ప్రాజెక్టులు ఉన్నాయి, కెన్‌హార్ట్ 1, 2, 3, ఒక్కొక్కటి 50 మెగావాట్లు. గ్యాస్ గానీ డీజిల్ గానీ లేకుండా, పూర్తిగా ఎండ, బ్యాటరీలతోనే ఆ 16 గంటల 30 నిమిషాల షరతును తీరుస్తామని వాళ్లు ముందుకొచ్చారు. ఇదే నన్ను ఈ కేసు వైపు లాగింది. ఇంజిన్ ఒకటి పక్కన పెట్టుకుంటే డిజైన్ చేసేవాడికి నిద్ర పడుతుంది, మబ్బు పట్టినా చలికాలం వచ్చినా అది ఆదుకుంటుంది. ఇక్కడ ఆ ఆసరా లేదు.

బ్యాటరీ లెక్క

ముందు గడియారం సంగతి చూడాలి. కాకినాడ దగ్గరగా వెళ్లే 82.5 డిగ్రీల రేఖాంశం మన దేశ కాలమానానికి ఆధారం. కాబట్టి మన కోస్తాలో సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి గడియారం దాదాపు 12 చూపిస్తుంది. దక్షిణాఫ్రికా కాలమానానికి ఆధారం దేశానికి తూర్పు వైపున్న 30 డిగ్రీల రేఖాంశం. కెన్‌హార్ట్ పడమరగా 21 డిగ్రీల దగ్గర ఉంది. ఆ 9 డిగ్రీల తేడాకు ఒక్కో డిగ్రీకి 4 నిమిషాల చొప్పున 36 నిమిషాలు. అంటే కెన్‌హార్ట్‌లో నడిమధ్యాహ్నం 12:35 ప్రాంతంలో అవుతుంది. సూర్యోదయం, సూర్యాస్తమయం రెండూ గడియారం మీద అంతే ఆలస్యమవుతాయి.

దీని ఫలితం ఏమిటి? ఏడాదిలో ఒక్క రోజు కూడా అక్కడ ఉదయం 5కి సూర్యుడు ఉండడు. నడి వేసవిలో, డిసెంబర్ చివర, సూర్యోదయం 5:30 దాటాక. జూన్ చివర అయితే 7:30కి. అస్తమయం వేసవిలో 7:30 దాటాక, చలికాలంలో 5:45కి. సాయంత్రం వైపు ఈ తేడా కొంచెం లాభం, పొద్దున వైపు నష్టం. ఇలాంటి ప్లాంటు స్థలాన్ని ఎండ ఎంత బలంగా ఉందన్న దాన్ని బట్టే చూస్తారు చాలామంది. గంటల మీద ఒప్పందం ఉన్నప్పుడు రేఖాంశాన్ని కూడా చూడాలి.

ఇప్పుడు జూన్ చివరి రోజును తీసుకుందాం. పొద్దున 5 నుంచి 7:30 వరకు మొత్తం 150 మెగావాట్లూ బ్యాటరీ నుంచే రావాలి. రెండున్నర గంటలు, అంటే 375 మెగావాట్ అవర్లు. 7:30కి సూర్యుడు వచ్చినా ప్యానెళ్లు ఒక్కసారిగా 150 ఇవ్వలేవు. 540 మెగావాట్ల ప్యానెళ్లకు 150 అంటే వాటి సామర్థ్యంలో 28 శాతం, అక్కడికి చేరడానికి ముప్పావు గంట పడుతుందనుకుందాం. ఆ ముప్పావు గంటలో సగం భారం బ్యాటరీదే, సుమారు 55. పొద్దున మొత్తం 430.

సాయంత్రం 5 దగ్గర ప్యానెళ్లు 150 కిందికి జారతాయి. అస్తమయం వరకు బ్యాటరీ వాటా మళ్లీ 55. 5:45 నుంచి 9:30 వరకు మూడు గంటల ముప్పావు, ఇంచుమించు 565. సాయంత్రం మొత్తం 620.

రెండూ కలిపితే 1,050 మెగావాట్ అవర్లు. పెట్టిన బ్యాటరీ 1,140. మిగిలిన 90లో లోపలి నష్టాలు ఉన్నాయి, పూర్తిగా ఖాళీ చేయకుండా అట్టడుగున ఉంచే కొంత భాగం ఉంది, చల్లబరిచే యంత్రాలు తినే కరెంటు ఉంది. వాళ్ల డిజైన్ ఫైళ్లు చూడకుండా, సూర్యోదయ సమయాలు, ఒప్పందంలోని గంటలు మాత్రమే తీసుకుని వేసిన లెక్క ఇంత దగ్గరగా వచ్చింది. ఆ బ్యాటరీ సైజును తేల్చింది జూన్ నెల చీకటే.

మరి 225 మెగావాట్లు ఎందుకు? ఇచ్చేది 150 అయితే బ్యాటరీ కూడా 150 చాలు కదా అనిపిస్తుంది. ఇచ్చేటప్పుడు చాలు, నింపుకునేటప్పుడు చాలదు. చలికాలంలో పగలు 10 గంటలే. అందులో గ్రిడ్‌కు 150 ఇస్తూ పైన మిగిలేది నడిమి కొన్ని గంటల్లోనే. జూన్ మధ్యాహ్నం ప్యానెళ్లు 400 దాకా ఇస్తాయనుకుంటే, 150 పోగా 250 మిగులుతుంది. 225 మెగావాట్ల బ్యాటరీ దాన్ని దాదాపు మొత్తం తీసుకుంటుంది, ఐదు గంటల్లో నిండుతుంది. 150 మెగావాట్ల బ్యాటరీ పెట్టి ఉంటే నిండటానికి ఏడున్నర గంటలకు పైగా కావాలి. జూన్‌లో అంత బలమైన ఎండ అంతసేపు ఉండదు. బ్యాటరీ పవర్ రేటింగ్‌ను డిశ్చార్జ్ వైపు నుంచే చూసి నిర్ణయించడం మన టెండర్ల ప్రతిపాదనల్లో కూడా తరచుగా చూస్తుంటాను. ఎక్కువ గంటల నిల్వ ఉన్నప్పుడు చార్జింగ్ వైపే గట్టి షరతు అవుతుంది.

ప్యానెళ్ల లెక్క, చలికాలం బాధ

16 గంటల 30 నిమిషాల పాటు 150 మెగావాట్లు అంటే రోజుకు 2,475 మెగావాట్ అవర్లు. బ్యాటరీ గుండా వెళ్లే భాగానికి పోనూ రానూ నష్టం 12 శాతం వరకు వేసుకుంటే ఇంకో 130 పైన. అంటే రోజుకు ప్యానెళ్ల నుంచి సుమారు 2,600 రావాలి.

ఆ ప్రాంతంలో సూర్యుడి వెంట తిరిగే ట్రాకర్ల మీద పెట్టిన ప్యానెల్ ఒక్కో కిలోవాట్‌కు జూన్‌లో రోజుకు 4.3 నుంచి 4.7 యూనిట్లు ఇస్తుందని నా అంచనా. 540 మెగావాట్లకు 2,320 నుంచి 2,540. కావాల్సిన 2,600కు ఇది అంచుల మీదే ఉంది. అంటే జూన్‌లో ప్రతి రోజూ 16 గంటల 30 నిమిషాలూ పూర్తి 150 అడిగితే ప్లాంటు కష్టపడుతుంది. కంట్రోల్ రూమ్ ప్రతి గంటా పూర్తిగా అడగదు కాబట్టి ఆ లోటు సర్దుకుంటుంది.

డిసెంబర్‌లో బొమ్మ తిరగబడుతుంది. పగలు 14 గంటలు. కిలోవాట్‌కు రోజుకు 8 యూనిట్ల దాకా వస్తాయని వేసుకుంటే 4,300 మెగావాట్ అవర్లు. అవసరం 2,600. మిగతాదానికి ఒప్పందంలో చోటు లేదు, బ్యాటరీ అప్పటికే నిండి ఉంటుంది. ప్యానెళ్ల కరెంటును గ్రిడ్‌కు పనికొచ్చేలా మార్చే ఇన్వర్టర్లు తమంతట తామే ఉత్పత్తి తగ్గించుకుంటాయి. వేసవిలో రోజూ రాగలిగిన దానిలో మూడో వంతుకు పైగా అలా పోతుంది. దీన్ని చూసి బాధపడేవాళ్లు ఉంటారు, నిజానికి బాధగానే ఉంటుంది. కానీ ఈ ప్లాంటు జూన్ సాయంత్రం 8 గంటల కోసం కట్టినది. డిసెంబర్ మధ్యాహ్నం ఎంత వృథా అయిందన్న దాన్ని బట్టి దాన్ని కొలవకూడదు. ఎస్కామ్‌కు అత్యంత ఖరీదైన కరెంటు చలికాలం సాయంత్రాలదే.

వేడి ఇంకో విషయం. వేసవిలో అక్కడ 40 డిగ్రీలు మామూలు, ప్యానెల్ లోపల 65 డిగ్రీలు దాటుతుంది. సిలికాన్ ప్యానెల్ 25 డిగ్రీల పైన ప్రతి డిగ్రీకీ మూడో వంతు శాతం చొప్పున సామర్థ్యం కోల్పోతుంది. 40 డిగ్రీల తేడాకు 13, 14 శాతం. వేసవిలో మిగులు ఉంది కాబట్టి ఆ నష్టం ప్యానెళ్ల వైపు పట్టించుకోనక్కర్లేదు. బ్యాటరీ వైపు మాత్రం పట్టించుకోవాలి. లిథియం బ్యాటరీ వేడికి త్వరగా ముసలిదవుతుంది, దాన్ని చల్లగా ఉంచే ఏసీలు రాత్రంతా నడుస్తూనే ఉండాలి. ఆ కరెంటూ ఆ బ్యాటరీ నుంచో గ్రిడ్ నుంచో రావాల్సిందే.

రోజూ రాత్రి 9:30కి

ఈ ప్లాంటు నడిపేవాళ్ల పనిలో నాకు అన్నిటికన్నా కష్టంగా కనిపించేది ఇక్కడే. మామూలుగా సాయంత్రం పీక్, అంటే వాడకం బాగా పెరిగే గంటల, కోసం పెట్టిన బ్యాటరీని సాయంత్రం ఖాళీ చేసేస్తారు, మర్నాడు ఎండ వచ్చాక నింపుతారు. కెన్‌హార్ట్‌లో అలా కుదరదు. రాత్రి 9:30కి ఒప్పందం గంటలు ముగిసేసరికి బ్యాటరీలో మర్నాటి పొద్దుటి కోసం 430 మెగావాట్ అవర్లు మిగిలి ఉండాలి. విత్తనాల గింజలు పక్కన పెట్టి మిగతాదే తినే రైతు ఇంటి లెక్క ఇది.

ఇప్పుడు ఒక మబ్బు రోజు వచ్చిందనుకోండి. కెన్‌హార్ట్‌లో అరుదు, కానీ వేసవి చివర ఉరుములతో వానలు పడతాయి, చలికాలంలో పడమటి తీరం నుంచి చల్లని గాలులు మబ్బుల్ని తెస్తాయి. సాయంత్రానికి బ్యాటరీ 1,050కి బదులు 700 దగ్గర ఉంది. సాయంత్రం పూర్తి 620 ఇచ్చేస్తే పొద్దుటికి 80 మిగులుతుంది. పొద్దుటి కోసం దాచుకుంటే సాయంత్రం సగానికి పైగా కోత పెట్టాలి. ఏది మేలు? జవాబు రేపటి వాతావరణం మీద కూడా ఆధారపడి ఉండదు, ఎందుకంటే రేపటి ఎండ ఎంత బాగున్నా పొద్దున 5కి అది రాదు. ఆ నిర్ణయం పూర్తిగా ఒప్పందంలో ఏ గంటలో లోటుకు ఎంత జరిమానా, గ్రిడ్‌కు ఏ గంట ఎక్కువ అవసరం అన్న దాని మీదే. ఏది ఎంచుకున్నా లోటు తప్పదు, అందుకే ఇలాంటి ప్లాంట్లలో వాతావరణ అంచనాలు ముందు రోజే కంట్రోల్ రూమ్‌కు పంపి, రేపు ఇంతే ఇవ్వగలం అని ముందే చెప్పే పద్ధతి ఉండాలి. ఆఖరి నిమిషంలో చెప్పిన 100 మెగావాట్ల లోటు కన్నా, నిన్న చెప్పిన 100 మెగావాట్ల లోటు గ్రిడ్‌కు చాలా చిన్న సమస్య.

ధర ఎక్కువా తక్కువా

కెన్‌హార్ట్‌కు మొత్తం పెట్టుబడి 16.4 బిలియన్ ర్యాండ్లు. అందులో 12.4 బిలియన్లు అప్పు. స్టాండర్డ్ బ్యాంక్ నాయకత్వంలో దక్షిణాఫ్రికా బ్యాంకులు, బ్రిటన్ ప్రభుత్వ పెట్టుబడి సంస్థ బ్రిటిష్ ఇంటర్నేషనల్ ఇన్వెస్ట్‌మెంట్ ఇచ్చాయి. స్కాటెక్ వాటా 51 శాతం, మిగతా 49 శాతం అక్కడి కంపెనీ హెచ్1 హోల్డింగ్స్‌ది. కరెంటు కొనేది ఎస్కామ్, ఒప్పందం 20 ఏళ్లు.

రోజుకు 2,475 చొప్పున ఏడాదికి గరిష్ఠంగా 903 మిలియన్ యూనిట్లు, 20 ఏళ్లకు 18 బిలియన్ యూనిట్లు. 16.4 బిలియన్ ర్యాండ్లను దాని మీద పంచితే యూనిట్‌కు 90 సెంట్లు, ఇది వడ్డీ లేకుండా. ర్యాండ్ అప్పుల మీద వడ్డీ తక్కువ కాదు. నిర్వహణ, బ్యాటరీల మార్పు, లాభం అన్నీ కలిపితే ఒకటిన్నర ర్యాండ్ దాటడం సహజం. ఆ టెండర్‌లో ఎంపికైన ప్రాజెక్టుల సగటు ధర కూడా ఒకటిన్నర ర్యాండ్ పైనే.

అదే ఏడాది, 2021 అక్టోబర్‌లో, దక్షిణాఫ్రికా మామూలు సోలార్, పవన విద్యుత్తు వేలం నిర్వహించింది. అక్కడ సగటు ధర యూనిట్‌కు 50 సెంట్ల లోపే వచ్చింది. ఇంకేముంది, మూడింతలు పెట్టి కొంటున్నారని విమర్శలు. ఈ పోలిక తప్పని నా గట్టి అభిప్రాయం. 50 సెంట్ల యూనిట్ ఎండ ఉన్నప్పుడు, గాలి వీచినప్పుడు వస్తుంది. కెన్‌హార్ట్ యూనిట్ అడిగినప్పుడు వస్తుంది. దాన్ని పోల్చాల్సింది, అది లేకపోతే ఆ గంటలో ఎస్కామ్ ఏం చేసేదో దానితో. డీజిల్ టర్బైన్ తిప్పేది. లీటరు డీజిల్‌కు మూడు యూనిట్ల చొప్పున, లీటరు 20 ర్యాండ్లు అనుకుంటే, ఇంధనానికే యూనిట్‌కు 6 ర్యాండ్లు పైన. డీజిల్ కూడా చాలక కరెంటు పోతే ఆ నష్టం ఇంకా ఎన్నో రెట్లు. ఆ లెక్కన కెన్‌హార్ట్ ఖరీదైన సోలార్ కాదు, చవకైన పీక్ కరెంటు.

ఇక్కడ ఒక మినహాయింపు నిజాయితీగా చెప్పాలి. పగలు 11 నుంచి 3 వరకు కెన్‌హార్ట్ ఇచ్చే యూనిట్లకు కూడా అదే ధర చెల్లిస్తే, ఆ గంటల్లో మామూలు సోలార్ మూడో వంతు ధరకే దొరుకుతుంది కదా అన్న ప్రశ్న న్యాయమైనదే. ఒకే ధర బదులు పీక్ గంటలకు ఎక్కువ, మిగతా గంటలకు తక్కువ అని విడదీసి ఉంటే బాగుండేది. మన దేశంలో సోలార్ ఎనర్జీ కార్పొరేషన్ 2020 జనవరిలో ఖరారు చేసిన 1,200 మెగావాట్ల టెండర్‌లో ఆ పద్ధతే పెట్టారు, పీక్ గంటలకు 6 రూపాయలు పైన, మిగతా వేళల్లో 2.88 రూపాయలు. ఉమ్మడి కర్నూలు జిల్లా పిన్నాపురంలో నీళ్లను పైకి తోడి నిల్వచేసే 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజ్ కూడా ఇలాంటి గంటల అవసరం కోసం వచ్చిందే. కొండ, రిజర్వాయర్, నీళ్లు ఉన్నచోట అది మంచి దారి. కెన్‌హార్ట్‌లో ఆ మూడూ లేవు, కాబట్టి లిథియమే.

లైన్ లాభం

ఈ ప్లాంటు గురించి మాట్లాడేటప్పుడు చాలామంది వదిలేసే అంశం ట్రాన్స్‌మిషన్ లైన్. నార్తర్న్ కేప్‌లో ఎండ అపారం, గ్రిడ్ మాత్రం బక్కది. జనం, గనులు, ఫ్యాక్టరీలు ఎక్కువగా ఉన్నది దూరంగా, జొహానెస్‌బర్గ్ చుట్టుపక్కల. 2022 చివరి వేలంలో కేప్ ప్రావిన్సులలో లైన్లలో ఖాళీ లేక పవన విద్యుత్ ప్రాజెక్టు ఒక్కటి కూడా ఎంపిక కాలేదు.

మామూలు సోలార్ ప్లాంటుకు 150 మెగావాట్ల లైన్ ఇస్తే, ఏడాది సగటున ఆ లైన్ సామర్థ్యంలో 30 శాతం ప్రాంతమే వాడుకుంటుంది. రాత్రంతా ఖాళీ. కెన్‌హార్ట్ 24లో 16 గంటల 30 నిమిషాలు నింపగలదు, అంటే 69 శాతం వరకు. అదే స్తంభాలు, అదే తీగ, రెండింతలకు పైగా పని. లైన్ కోసం ఏళ్లు ఎదురుచూసే చోట ఇది ధరలో కనిపించని పెద్ద లాభం. మన రాష్ట్రాల్లో కూడా సోలార్ పార్కుల దగ్గర లైన్ల కొరత మాట వింటున్నాం కాబట్టి ఈ ముక్కను నేను ప్రత్యేకంగా గుర్తుపెట్టుకున్నాను.

ఇంకో చిన్న విశేషం. నార్తర్న్ కేప్‌లో కరూ అనే మెట్ట ప్రాంతంలోనే మీర్‌క్యాట్ రేడియో టెలిస్కోప్ ఉంది, ప్రపంచంలోకెల్లా పెద్ద రేడియో టెలిస్కోపుల్లో ఒకటైన ఎస్‌కేఏలో ఒక భాగం అక్కడే కడుతున్నారు. ఇన్వర్టర్ సెకనుకు వేలసార్లు ఆన్, ఆఫ్ అయ్యే పరికరం, దాని నుంచి రేడియో రొద పుడుతుంది. అందుకే ఆ ప్రాంతంలో సోలార్ ప్రాజెక్టుల పర్యావరణ అధ్యయనాల్లో పక్షులు, మొక్కలతో పాటు ఈ రొదను కూడా పరిశీలిస్తారు.

ఆలస్యం

అత్యవసరమని పిలిచిన టెండర్ 2020 ఆగస్టులో. విజేతలు 2021 మార్చిలో. అసలు అనుకున్నది ఆ ఏడాదే ఆర్థిక ఒప్పందాలు ముగించాలని. గడువు మళ్లీ మళ్లీ పొడిగించారు. ఓడిపోయిన బిడ్డర్ ఒకరు కోర్టుకు వెళ్లారు. అన్నిటికన్నా పెద్ద వాటా, 1,220 మెగావాట్లు, దక్కించుకున్న కార్‌పవర్‌షిప్ కంపెనీ ప్రాజెక్టుకు (ఓడల మీదే గ్యాస్‌తో కరెంటు తయారుచేసేది) 2021 జూన్‌లో పర్యావరణ అనుమతి నిరాకరించారు. కెన్‌హార్ట్ ఆర్థిక ఒప్పందం 2022 జూలైలో కుదిరింది. ఈలోపు ప్యానెళ్ల ధరలు, ఓడ కిరాయిలు పెరిగాయి, లిథియం ధర 2022 చివరకు ఆకాశాన్నంటింది. 2020లో చెప్పిన ధరకు 2022లో సామాను కొనడం ఎంత నలుగుడో ఈ రంగంలో ఉన్నవాళ్లకు తెలుసు. చాలా ప్రాజెక్టులు అక్కడే ఆగిపోయాయి.

నిర్మాణం మాత్రం వేగంగా సాగింది. దాదాపు 10 లక్షల ప్యానెళ్లు, 879 హెక్టార్ల స్థలం, ఏడాదిన్నరలో పూర్తి. ఆ టెండర్ నుంచి మొదట గ్రిడ్‌కు కరెంటు ఇచ్చింది కెన్‌హార్టే. కాగితం పనికి దాదాపు రెండేళ్లు, కట్టడానికి ఏడాదిన్నర. సోలార్, బ్యాటరీలకు ఉన్న అసలు బలం కట్టే వేగం. అత్యవసర కొనుగోలులో ఆ బలాన్ని వాడుకోలేకపోవడం నాకు నిజంగా బాధ కలిగించే విషయం. 2023 అంతా ఆ దేశం దాదాపు రోజూ లోడ్ షెడ్డింగ్‌తో గడిపింది. ఈ ప్లాంటు వచ్చేసరికి ఆ చెడ్డ ఏడాది ముగిసిపోతోంది. 2024 మార్చి చివర నుంచి, బొగ్గు ప్లాంట్ల పరిస్థితి మెరుగవడం వల్ల, నెలల తరబడి కోతలు ఆగాయి.

ముందున్న రెండు పనులు

మొదటిది బ్యాటరీ వయసు. రోజుకు దాదాపు ఒక పూర్తి సైకిల్ (ఒకసారి నిండి ఖాళీ కావడం) చొప్పున 20 ఏళ్లకు 7,300 సైకిళ్లు. లిథియం బ్యాటరీ పదేళ్లకు తన సామర్థ్యంలో 20 శాతం కోల్పోతుందనుకుంటే 1,140 కాస్తా 910 అవుతుంది. జూన్‌లో కావాల్సింది 1,050. అంటే ఒప్పందం మధ్యలో కొత్త బ్యాటరీలు కలపాలి. దానికి ఖాళీ జాగా, కేబుల్ దారి, ట్రాన్స్‌ఫార్మర్‌లో చోటు ముందే ఉంచితే ఖర్చు తక్కువ. తర్వాత తవ్వి కలపాలంటే నడుస్తున్న ప్లాంటును ఆపాలి. ప్లాంటు మూడు 50 మెగావాట్ల యూనిట్లుగా ఉండటం ఇక్కడ కలిసొస్తుంది, ఒకదానిలో పని చేస్తున్నా మిగతా రెండు నడుస్తాయి. ఈలోపు బ్యాటరీల ధరలు 2022తో పోలిస్తే బాగా పడ్డాయి కాబట్టి, కలపడాన్ని వాయిదా వేసినవాళ్లకే లాభం.

రెండోది రాత్రి 9:30 నుంచి ఉదయం 5 వరకు ఉన్న ఏడున్నర గంటలు. వాటినీ ఎండతోనే నింపాలంటే 150 మెగావాట్లకు ఇంకో 1,125 మెగావాట్ అవర్లు కావాలి, ఇప్పుడున్న బ్యాటరీకి ఇంచుమించు జోడీ. రోజు అవసరం 3,600కు, నష్టాలతో 3,850కు చేరుతుంది. డిసెంబర్‌లో ఇప్పుడున్న 540 మెగావాట్ల ప్యానెళ్లే అందుకు చాలు, అవి 4,300 ఇవ్వగలవు. జూన్‌లో మాత్రం కిలోవాట్‌కు నాలుగున్నర యూనిట్ల చొప్పున 850 మెగావాట్లకు పైగా ప్యానెళ్లు కావాలి. అంటే అమ్మే 1 మెగావాట్‌కు 5.7 మెగావాట్ల ప్యానెళ్లు, 15 గంటల బ్యాటరీ. అబుదాబిలో అక్కడి ప్రభుత్వ ఇంధన కంపెనీ మస్దార్ 2025 జనవరిలో ప్రకటించిన 24 గంటల ప్రాజెక్టులో 1 గిగావాట్‌కు 5.2 గిగావాట్ల ప్యానెళ్లు, 19 గిగావాట్ అవర్ల బ్యాటరీ ఉన్నాయి. అబుదాబి భూమధ్యరేఖకు కెన్‌హార్ట్ కన్నా 5 డిగ్రీలు దగ్గర, అక్కడి చలికాలం పగలు కొంచెం పొడుగు. ప్యానెళ్లు కాస్త తక్కువతో సరిపోవడానికి అది ఒక కారణం.